డబ్బున్న కాలనీలో "హెల్దీ ఫుడ్ దొరకదు", బస్తీలో "అన్నీ దొరుకుతాయి": ఏంటిది?

నల్లగండ్ల_నీలిమ:
మా గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో వారానికోసారైనా ఈ గోల తప్పదు. "ఈ ఏరియాలో హెల్దీ ఫుడ్ దొరకడం చాలా కష్టంగా ఉందండీ" అని ఒకరు మొదలుపెడతారు, ఇక అందరూ అందుకుంటారు. గేటు దాటితే రెండు సూపర్ మార్కెట్లు, ఒక ఆర్గానిక్ షాపు, పది నిమిషాల్లో తలుపు ముందు పెట్టే యాప్‌లు. ఇంకేం కావాలో నాకర్థం కాదు.

అమ్మానాన్న ఇంకా ఇక్కడే హైదరాబాద్‌లో, చింతల్ వైపు బస్తీలోనే ఉంటారు. అమ్మనడిగితే "మాకేం తక్కువే, బండి ఇంటి ముందుకే వస్తది, అన్నీ దొరుకుతయి" అంటుంది. ఆ బండి మీద ఏముంటాయో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. టమాటా, ఉల్లిగడ్డ, వంకాయ, దొండకాయ, పొద్దున్నుంచీ నీళ్ళు చల్లి చల్లి నల్లబడిన పాలకూర నాలుగు కట్టలు. పండంటే అరటిపండే.

అన్నీ ఉన్నవాళ్ళు లేవంటున్నారు, సగం లేనివాళ్ళు అన్నీ ఉన్నాయంటున్నారు. ఈ ఫోరంలో రెండు రకాల ఏరియాల వాళ్ళూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, మీ దగ్గర ఎలా అనిపిస్తుంది? ఎందుకలా అనిపిస్తుంది?

గుంటూరు_గోంగూర:
ఇందులో అర్థం కాకపోవడానికేముందండీ, కడుపు నిండినవాడికి గారెలు చేదని ఊరికే అన్నారా. మీ గ్రూపులో వాళ్ళకి హెల్దీ అంటే గానుగ నూనె, దేశీ ఆవు పాలు, మందు కొట్టని బెండకాయ. అది దొరకలేదంటే వాళ్ళ లెక్కలో ఏమీ దొరకనట్టే. మీ అమ్మగారి లెక్క వేరు. పొయ్యి మీద ఈ పూట కూర ఉడికితే చాలు.

కొట్టు_సత్తెన్న:
నాది షాపూర్‌నగర్ దగ్గర కిరాణా కొట్టు, ముందర నాలుగు ట్రేలు పెట్టి కూరగాయలు కూడా అమ్ముతాను. చుట్టూ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, ఒక్క గది కిరాయి ఇళ్ళు. నీలిమక్కా, మీ అమ్మ చెప్పింది అబద్ధం కాదు. మా దగ్గర అడిగితే ఎవరైనా అదే చెప్తారు. కానీ ఏం కొంటున్నారో నా గల్లాపెట్టెకి తెలుసు కదా.

టమాటా కిలో ముప్ఫై ఉన్న రోజు మేం పావుకిలో పది అంటాం. అంటే పావులు పావులుగా కొనేవాళ్ళకి కిలో నలభై పడినట్టు. అది నా దుర్మార్గం అనుకోకండి, తూకం, చిల్లర, మిగిలి కుళ్ళిపోయేది అన్నీ అందులోనే పోవాలి. మరి కిలో కొనుక్కోవచ్చు కదా అంటారు. చాలా ఇళ్ళల్లో ఫ్రిజ్ లేదు, రేకుల కప్పు కింద ఎండాకాలంలో పాలకూర పూట కూడా నిలవదు. ఇంకోటి, రోజుకూలి చేతికొచ్చేది సాయంత్రం ఏడు తర్వాత. అప్పుడు నా ట్రేలో మిగిలింది కొనాలి. పొద్దున ఏడింటికి వచ్చిన బీరకాయ వాళ్ళు చూడరు, సాయంత్రం ఏడింటి బీరకాయే చూస్తారు.

రైతు బజారుకి పోతే చవక, నిజమే. నా దగ్గర ఖాతా ఉన్నవాళ్ళు ఎట్లా పోతారు? నెలాఖరున పప్పు, నూనె, సబ్బు నా పుస్తకంలో రాయించుకుని, చేతిలో ఉన్న నగదు పట్టుకుని నా ముందర నుంచే ఇంకో చోటికి కూరగాయలకి పోవాలంటే మొహమాటం. అది నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. పైకి అనుకోం.

మాదాపూర్_మౌళి:
సారీ, కొంచెం ఘాటుగా అంటున్నాను. పిల్లాడికి పది రూపాయల చిప్స్ ప్యాకెట్ కొనడానికి డబ్బులుంటాయి, అదే పదికి రెండు అరటిపండ్లు కొనడానికి ఉండవా? ఇది డబ్బు సమస్య కంటే అలవాటు సమస్య. మా పనమ్మాయి పిల్లల్ని చూస్తున్నా కదా.

కొట్టు_సత్తెన్న:
మౌళి అన్నా, ఆ చిప్స్ అమ్మేది నేనే, కాబట్టి చెప్తాను. ప్యాకెట్ దండలాగా గుమ్మానికి వేలాడుతుంది, కంపెనీవాడే తెచ్చి కట్టి పోతాడు, మూడు నెలలైనా పాడవదు, అమ్ముడుపోకపోతే తీసుకుపోతాడు. అరటి గెల రెండో రోజు మచ్చలు, మూడో రోజు నా నష్టం. అందుకని నేను గెలలు తక్కువ తెస్తాను, ప్యాకెట్లు ఎక్కువ పెడతాను. పిల్లాడి కంటికి ఏది కనబడుతుంది మరి?

తల్లి సంగతి చూడు. పొద్దున ఆరుకి పనికి పోయి రాత్రి ఎనిమిదికి వస్తుంది. పండు కొంటే పిల్లాడు ఒక్కోసారి తినడు, పారేస్తాడు. ప్యాకెట్ కొంటే కచ్చితంగా తింటాడు. దగ్గర పదే ఉన్నప్పుడు ఏది వృథా కాదో అదే కొంటాం, నువ్వైనా అంతే. నువ్వు అవకాడో కొని లోపల నల్లగా ఉంటే చెత్తబుట్టలో వేసి ఇంకోటి కోసుకుంటావు.

పిట్స్‌బర్గ్_ప్రసాద్:
ఇక్కడ అమెరికాలో దీని మీద పాతికేళ్ళుగా వాదన నడుస్తోంది కాబట్టి రెండు ముక్కలు. ఇక్కడి వ్యవసాయ శాఖ లెక్క ఏంటంటే, పేదలు ఎక్కువున్న పేటలో చాలామందికి మైలు దూరంలోపు సూపర్ మార్కెట్ లేకపోతే, పల్లెల్లో అయితే పది మైళ్ళలోపు లేకపోతే, దాన్ని ఫుడ్ డెజర్ట్, అంటే తిండి ఎడారి, కింద పటంలో రంగు వేసి చూపించేవారు. మందు కూడా సులువుగానే అనిపించింది, మార్కెట్ పెట్టించేస్తే సరి అని.

పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్ళకి పెన్ హిల్స్ వెంకటేశ్వర స్వామి గుడే గుర్తొస్తుంది. అదే ఊళ్ళో డౌన్‌టౌన్‌ని ఆనుకుని హిల్ డిస్ట్రిక్ట్ అని నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే పాత పేట ఉంది. దాదాపు ముప్ఫై ఏళ్ళు అక్కడ పెద్ద మార్కెట్ లేదు. 2013లో ఒకటి తెరిచారు. రాండ్ సంస్థ పరిశోధకులు మార్కెట్ రాకముందు కొన్ని ఇళ్ళకి వెళ్ళి ఏం తింటున్నారు, మంచి తిండి దొరుకుతోందని మీకనిపిస్తోందా అని అడిగి, వచ్చాక మళ్ళీ ఆ ఇళ్ళకే వెళ్ళారు. మార్కెట్ రాని హోమ్‌వుడ్ అనే పేటతో పోల్చి చూశారు కూడా.

తేలిందేంటంటే, "మా పేటలో మంచి తిండి దొరుకుతుంది" అనే భావన బాగా పెరిగింది, పేట మీద ఇష్టం పెరిగింది, తినే చక్కెర కూడా కొంత తగ్గింది. విచిత్రం ఇక్కడుంది. ఆ మార్కెట్‌కి తరచూ వెళ్ళినవాళ్ళకీ వెళ్ళనివాళ్ళకీ తిండిలో వచ్చిన మార్పులో పెద్ద తేడా లేదు. కూరగాయలు, పండ్లు తినడం పెద్దగా పెరగలేదు. ఫిలడెల్ఫియాలో ఇలాంటిదే ఇంకో అధ్యయనం 2014లో వచ్చింది, అక్కడా అంతే, దొరుకుతుందన్న భావన పెరిగింది, తిండి మారలేదు. హిల్ డిస్ట్రిక్ట్ మార్కెట్ 2019లో మూతపడింది.

మాదాపూర్_మౌళి:
నేనన్నదే కదా! పక్కనే పెట్టినా కొనలేదు.

పిట్స్‌బర్గ్_ప్రసాద్:
సగమే చదివినట్టున్నారు. మార్కెట్ వచ్చింది గానీ వాళ్ళ జీతాలు అలాగే ఉన్నాయి, రెండు ఉద్యోగాలు చేసేవాళ్ళకి వంట చేసే టైమూ పెరగలేదు. మార్కెట్ రాకముందు కూడా వాళ్ళు ఏదో ఒకలా, బస్సులోనో పక్కింటాయన కారులోనో, దూరంగా ఉన్న పెద్ద మార్కెట్లకే వెళ్ళి కొనేవాళ్ళు. అంటే దూరం అనేది ఉన్న కష్టాల్లో ఒకటి, అంతే. మీరు అలవాటు అంటున్నది గాల్లోంచి ఊడిపడదు కదండీ.

సర్వే_శీను:
ఇంటింటి సర్వేలు చేసి పొట్టపోసుకున్నవాణ్ణి, నా అనుభవం కూడా వేస్తాను. "మీ చుట్టుపక్కల తాజా కూరగాయలు, పండ్లు సులువుగా దొరుకుతాయా" అని అడిగి, పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి అస్సలు ఒప్పుకోను దాకా ఐదు గళ్ళిచ్చి టిక్కు పెట్టమంటారు. బస్తీలో ఈ ప్రశ్నకి జవాబు ముందే తెలిసిపోయేది. "ఎందుకు దొరకవు సార్, అన్నీ ఉన్నాయి." ఒకటి, చేతిలో ట్యాబ్ పట్టుకుని వచ్చినవాడి ముందు మాకు లేదని చెప్పుకోవడం నామోషీ. రెండోది, వాళ్ళు పోల్చుకునేది వదిలొచ్చిన ఊరితో. పాలమూరులోనో పార్వతీపురం పక్కనో వారానికోసారి సంత జరిగే ఊరి నుంచి వచ్చినవాళ్ళకి రోజూ ఇంటి ముందు బండి ఆగడమంటే పెద్ద సుఖమే.

గచ్చిబౌలి వైపు విల్లాల్లో అదే ప్రశ్నకి పావుగంట ఉపన్యాసం. యూరప్‌లో టమాటా ఎలా ఉంటుందో, ఇక్కడ ఎలా ఉందో. వాళ్ళు పోల్చుకునేది అక్కడితో.

ప్రశ్న మారిస్తే జవాబూ మారుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ వాడే ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటుంది. అందులో రెండోది, "గడిచిన ఏడాదిలో డబ్బులేకో మరోటి లేకో ఆరోగ్యకరమైన, పోషకాలున్న తిండి తినలేని సందర్భం ఉందా" అని. ఇందాక అన్నీ దొరుకుతాయన్న ఆవిడే ఈ ప్రశ్నకి కాసేపు ఆగి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అవునంటుంది. రెండు జవాబులూ నిజమే. మొదటిది అంగడి గురించి, రెండోది కొంగుముడి గురించి.

పాలమూరు_జంగయ్య:
మా ఊళ్ళో జొన్నరొట్టె, రాగిసంకటి అంటే లేనోళ్ళ తిండి. వరి అన్నం పండక్కో, చుట్టం వస్తేనో. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చాక నెమ్మదిగా అందరి ఇళ్ళల్లో అన్నం వచ్చింది, మా నాయన ఇప్పటికీ దాన్ని గొప్పగానే చెప్తాడు, చెప్పాల్సిందే కూడా. ఇప్పుడేమో 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ఐక్యరాజ్యసమితే ప్రకటించింది, కొర్రలు కిలో సన్నబియ్యం కంటే ఎంతో ఎక్కువ. కూకట్‌పల్లిలో సాయంత్రం పూట రోడ్డు పక్కన మా వైపు ఆడవాళ్ళు కట్టెల పొయ్యి మీద రొట్టెలు చేస్తుంటే కార్లు ఆగుతాయి. చేసే ఆమె ఇంటికి పోయి తినేది రేషన్ బియ్యం అన్నం. ఎందుకక్కా అంటే "రొట్టె అమ్ముకుంటే పైసలొస్తయి, తింటే ఏమొస్తది" అన్నది.

గంగవాయిలి కూర మేం గట్ల మీద పీక్కొచ్చి పప్పులో వేసుకునేవాళ్ళం. ఇప్పుడు పెద్ద షాపుల్లో కవర్లో పెట్టి స్టిక్కర్ అంటించి అమ్ముతున్నారట.

లెక్కల_లక్ష్మి:
అందరూ మాటలు చెప్తున్నారు, నేను లెక్క వేస్తాను. మన తార్నాక ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో మనిషికి రోజుకి రెండు వేల క్యాలరీల ప్లేట్ ఉంది. కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100, ధాన్యాలు 250, పప్పులు లేదా గుడ్డు, మాంసం కలిపి 85, పాలు 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె 27 గ్రాములు. నలుగురున్న ఇల్లు అనుకోండి. నేను వేసినవి మా ఏరియాలో చవక రేట్లు.

కూరగాయలు కిలోన్నర పైమాట, సగటున కిలో నలభై చొప్పున 64 రూపాయలు. పండ్లు అరటి, జామ అనుకుంటే 24. పప్పు 44. పాలు లీటరూ పావు, 72. గింజలు అంటే బాదం కాదు తల్లీ, పల్లీలు, 20. నూనె 16. రోజుకి 240, నెలకి 7,200. గ్యాస్, ఉప్పు, చింతపండు, కారం వేరే.

తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం, అంటే నలుగురికి 24 కిలోలు. ఆ ప్లేట్ ప్రకారం నెలకి కావాల్సిన 30 కిలోల ధాన్యంలో చాలా భాగం వచ్చేసినట్టే. మిగతా 7,200 సంగతేంటి? పద్నాలుగు వేలు జీతం, ఐదు వేలు కిరాయి ఉన్న సెక్యూరిటీ గార్డు ఇంట్లో కూర్చుని ఈ లెక్క వేసి చూడండి. అందుకే అక్కడ పళ్ళెంలో అన్నం కొండలా ఉంటుంది, కూర అంచుకి ఉంటుంది. శీను గారన్న ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, అదే ఎఫ్‌ఏఓ, వాళ్ళ 2024 రిపోర్టులో కూడా 2022 నాటికి మన దేశంలో సగం మందికి పైగా ఆరోగ్యకరమైన తిండి కొనే స్తోమత లేదనే ఉంది.

మౌళి గారూ, ఇందులో అలవాటు ఏ వరుసలో వేయమంటారు?

మాదాపూర్_మౌళి:
సరే, లెక్క ఒప్పుకుంటున్నా. కానీ ఒక డౌటు. మా కాలనీలో 7,200 ఒక్క వీకెండ్ హోటల్ బిల్లు. డబ్బుంది, షాపులున్నాయి, అయినా షుగర్ లేని ఇల్లు లేదు. మరి దాన్నేమంటారు?

గుంటూరు_గోంగూర:
దాన్ని బిర్యానీ అంటారు అన్నాయ్ 😀

డెలివరీ_బండి:
మాదాపూర్, కొండాపూర్ వైపు సరుకుల డెలివరీ చేస్తాను, ఉండేది బోరబండలో. మీ వైపు సంచుల్లో ఏముంటాయో చెప్పమంటే చెప్తాను. ఒకే సంచిలో బ్రోకలీ, బ్లూబెర్రీ, రెండు లీటర్ల కూల్‌డ్రింక్, నాలుగు రకాల బిస్కెట్లు. హెల్దీది కూడా కొంటారు, అంతే. కొన్నందుకు తిన్నట్టే అనిపిస్తుందేమో.

నా రూముకి నేనే ఆర్డర్ పెట్టాలంటే డెలివరీ చార్జీ, ఇంత మొత్తం దాటాలి అనే రూలు. పైగా మా గల్లీకి అడ్రస్ ఉండదు, "మైసమ్మ గుడి వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన" అని ఫోన్లో చెప్పుకుంటూ పోవాలి. నా తోటివాళ్ళే రాను అంటారు. రోజంతా ఆకుకూరలు మోస్తాను, రాత్రి పదకొండుకి రూముకి వస్తే తెరిచి ఉండేది ఫ్రైడ్ రైస్ బండి ఒక్కటే. నా ఏరియాలో మంచి తిండి దొరుకుతుందా అంటే దొరుకుతుంది, నేను లేనప్పుడు.

మీ సెక్యూరిటీవాళ్ళు కూరగాయల బండిని గేటు లోపలికి రానివ్వరు. అందుకే మీకు షాపు తప్ప ఇంకోటి కనపడదు.

పటమట_పద్మ:
అందరూ హైదరాబాద్ గురించే మాట్లాడుతున్నారు, విజయవాడ నుంచి ఒక మాట. మాది పటమట రైతు బజారుకి నడిచి వెళ్ళే దూరం. పొద్దున్నే బోర్డు మీద ధరలు రాస్తారు, బయటికంటే తక్కువ. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనప్పుడు దళారీ లేకుండా రైతుకీ కొనేవాళ్ళకీ లాభం అన్నారు, మా మధ్యతరగతి ఇళ్ళకి నిజంగానే లాభం జరిగింది. కానీ అక్కడ ఎవరు కనిపిస్తారో చూడండి. రిటైరైన ఉద్యోగులు, మాలాంటి గృహిణులు, స్కూటర్ మీద సంచులు వేలాడేసుకుని వచ్చేవాళ్ళు. కొండ మీద పేదల ఇళ్ళల్లో ఉండేవాళ్ళు ఆటో పెట్టుకుని వచ్చి కిలోకి ఐదారు రూపాయలు మిగిల్చుకుంటే ఆటోకే చాలదు.

మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ రైతు బజారు గురించి "అది మీలాంటోళ్ళదమ్మా" అంటుంది. టిక్కెట్టు లేదు, గేటు లేదు, ప్రభుత్వానిది. అయినా తనది కాదనే అనిపిస్తుంది. రెండు కిలోలు తీసుకునేవాళ్ళ వరుసలో నిలబడి వంద గ్రాముల పచ్చిమిర్చి అడిగితే ఒకసారి ఎవరో విసుక్కున్నారట, మళ్ళీ వెళ్ళలేదు.

టీచరమ్మ:
పద్మ గారు ఆటో చార్జీ అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయింది కదా, మా అంగన్‌వాడీకి వచ్చే తల్లుల్లో కొందరు ఆదివారం నలుగురైదుగురు కలిసి ఎర్రగడ్డ రైతు బజారుకి పోయి వస్తున్నారు. ముందు ఎందుకు పోలేదు అంటే "అంత దూరం ఎవరు పోతరు" అనేవాళ్ళు. ఇప్పుడు దగ్గరే అంటున్నారు. ఏపీలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి బస్సులు వచ్చాయి, విజయవాడలో ఏమైనా తేడా కనిపించిందా?

ఇంకోటి, గర్భిణులకి అంగన్‌వాడీ కేంద్రంలోనే భోజనం, గుడ్డు, పాలు పెడతాం. కొత్తగా వచ్చినవాళ్ళు గుడ్డు కొంగులో దాచి ఇంటికి, పెద్దపిల్లాడికి తీసుకుపోవాలని చూస్తారు. ఇక్కడే తినాలమ్మా అని మేం వెంటపడాలి. "మంచి తిండి ఎక్కడ దొరుకుతుంది" అని వాళ్ళనడిగితే "మీ దగ్గరే కదా మేడం" అంటారు. వీధిలో కొట్ల పేర్లు ఒక్కటీ చెప్పరు.

పటమట_పద్మ:
బస్సు సంగతి, మా వీధి ఆడవాళ్ళు బెంజి సర్కిల్ దాటి పనులకి బాగానే తిరుగుతున్నారు. కూరగాయల కోసం ఎక్కడం ఇంకా చూడలేదు, సంచులతో రద్దీ బస్సు ఎక్కడం కూడా ఒక యుద్ధమే.

నల్లగండ్ల_నీలిమ:
చదువుతుంటే ఒక్కోటి తెలిసొస్తోంది. మూసీ నీళ్ళతో పండించే ఆకుకూరల భయం ఒకటుంది కదా, మా గ్రూపులో అది రోజూ వచ్చే టాపిక్. అమ్మకీ తెలుసు, పీర్జాదిగూడ వైపు తోటలు చూసింది కూడా. "ఉప్పునీళ్ళల్లో బాగా కడుగుతాలే" అని తినేస్తుంది. మావాళ్ళు అదే భయంతో మూడింతలు పెట్టి వేరే చోట కొంటారు. ఇద్దరికీ తెలిసిందొకటే, కాకపోతే అమ్మకి వేరే దారి లేదు గనక అది సమస్యగా చెప్పదు, వీళ్ళకి దారి ఉంది గనక రోజూ చెప్తారు. సర్వేలో మాత్రం అమ్మ హ్యాపీ, వీళ్ళు అసంతృప్తి.

శీను గారూ, మీరే ప్రశ్న రాయాలంటే ఏం రాస్తారు?

సర్వే_శీను:
నేనైతే "ఈ వారంలో చేతిలోకి తీసుకుని, ధర అడిగి మళ్ళీ పెట్టేసిన వస్తువేది" అని అడుగుతాను. సత్తెన్నా, మీ కొట్టులో ఏది?

కొట్టు_సత్తెన్న:
ఆలోచించక్కర్లేదు. దానిమ్మ. తర్వాత క్యారెట్, మునక్కాయ రేటు పెరిగినప్పుడు మునక్కాయ. ఆపిల్ అసలు చేతిలోకే తీసుకోరు, జ్వరం వచ్చినవాళ్ళ ఇంటికే పోతుంది, అదీ ఒకటో రెండో.

రాగిపిండి అరకిలో ప్యాకెట్లు తెప్పించి పెట్టాను, దుమ్ము పట్టాయి. అవే విప్పి వంద గ్రాముల పొట్లాలు కట్టి కౌంటర్ మీద పెడితే జావకి తీసుకుపోతున్నారు. నీలిమక్కా, జంగయ్య చెప్పిన గంగవాయిలి మా కొట్టు వెనక ఖాళీ ప్లాటు నిండా ఉంది, ఎవరూ ముట్టరు. మీ ఆర్గానిక్ షాపులో కట్ట ఎంతుంది?

నల్లగండ్ల_నీలిమ:
నలభై ఐదు అన్నా, గుప్పెడు కూడా ఉండదు. తెచ్చి అమ్ముకో, నేనే మొదటి బేరం. కాకపోతే గేటు దగ్గర బండికి పర్మిషన్ కావాలంటే మా కమిటీ మీటింగులో అజెండా పెట్టాలి, అది వచ్చే నెల.